ప్రొఫెసర్ గారి హెచ్-ఇండెక్స్ ఎంత? విశాఖలో ఒక లెక్క తేల్చిన అనుభవం

విశాఖలో ఒక ఎకనామిక్స్ ప్రొఫెసర్ గారి ఫైలుకి ఒక్క పేజీ కావాల్సి వచ్చింది. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు (వాటిని వేరే పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయి), హెచ్-ఇండెక్స్ (ఆ రెండిటినీ కలిపి చూసే అంకె) ఎంత, యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) స్కోరు ఎంత: అంతే. చూడ్డానికి ఒక పూట పని. పట్టింది తొమ్మిది రోజులు. కూడికలకి ఒక్క రోజు చాలింది. మిగతాదంతా ఏ పేపరు ఈయనది, ఏది కాదు, ఒకే పేపరు ఎన్ని వేషాల్లో తిరుగుతోంది అన్నది తేల్చడానికే పోయింది. ఇలాంటి పని నెత్తిన పడ్డవాళ్లకి పనికొస్తుందని చేసిన వరస రాస్తున్నాను. పేరు మార్చాను, అంకెల్ని కూడా కాస్త చిన్నవి చేశాను. పద్ధతి మాత్రం చేసిందే.

మొదటి రోజు ఏ సైటూ తెరవలేదు. సార్ సీవీ ముందు పెట్టుకుని ఎక్సెల్‌లో ఒక షీటు తయారుచేశాం. ఒక్కో పేపరుకి ఒక్కో వరస. శీర్షిక, సంవత్సరం, జర్నల్ పేరు, సంపుటి, సంచిక, పేజీలు, ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య), డీఓఐ (పేపరు గుర్తింపు కోడు), రచయితలు ఎంతమంది, అందులో ఈయన ఎన్నోవారు, కరస్పాండింగ్ ఆథర్ (పేపరు గురించి ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత) ఎవరు, పేపరు ఏ రకం. చివర్లో ‘కళ్లారా చూశామా’ అని ఒక గడి. ఈ గడే అన్నిటికన్నా ముఖ్యం. సీవీలో ఉందని కాదు, మొదటి పేజీ కంటికి కనబడితేనే అందులో టిక్కు. 2000 ప్రాంతపు పేపర్లు కొన్ని నెట్లో లేవు. వాటికోసం ఆంధ్రా యూనివర్సిటీలో డాక్టర్ వి.ఎస్. కృష్ణ లైబ్రరీకి వెళ్లి బైండు సంపుటాలు తీయించి, మొదటి పేజీ, విషయసూచిక ఫోటో తీసుకున్నాం. ఆ పేరుగల కృష్ణ గారూ అర్థశాస్త్రం మనిషే. ఆయన పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ బాధ లేదు: ఎవరు ఎవర్ని ఉదహరించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చిందే 1964లో, సోషల్ సైన్సెస్‌కి అలాంటిది 1973లో.

సీవీలో 46 ఉన్నాయి. రకం గడి నింపేసరికి అందులో 6 దినపత్రిక వ్యాసాలు, 5 పుస్తక సమీక్షలు, 4 పేపర్లు రెండేసిసార్లు (ఒకసారి వర్కింగ్ పేపరుగా, ఒకసారి జర్నల్లో అచ్చయినట్టుగా) తేలాయి. నికరంగా మిగిలినవి 31. ఇది మోసం కాదు. ఎకనామిక్స్‌లో పేపరు జర్నల్‌కి పంపిన దగ్గర్నుంచి అచ్చయ్యేదాకా రెండు మూడేళ్లు పట్టడం మామూలే కాబట్టి, ముందు వర్కింగ్ పేపరుగా వదలడం ఆ రంగం అలవాటు. సీవీలో రెండూ రాసుకుంటారు. లెక్కలో మాత్రం ఒకటే.

ఇక పేరు. అసలు గొడవంతా ఇక్కడే. సార్ పేరు కె. శ్రీనివాసరావు అనుకుందాం. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక్క అక్షరంగా. బయటి డేటాబేసులు చివరి మాటని ఇంటిపేరు అనుకుంటాయి. దాంతో ఒక జర్నల్లో ‘రావు, కె.ఎస్.’ అయ్యారు, ఇంకోదాంట్లో ‘శ్రీనివాసరావు, కె.’, కో-ఆథర్ ఒకాయన ఇంటిపేరు పూర్తిగా రాయించడం వల్ల మరోచోట ‘కొల్లి, శ్రీనివాస’. స్కోపస్ (పేపర్లు, సైటేషన్లు నమోదు చేసే డేటాబేసు) ఈ ముగ్గుర్నీ ముగ్గురు మనుషులుగానే లెక్కేసింది, ముగ్గురికీ విడివిడి ఆథర్ ఐడీలు ఇచ్చింది. దీనికి తలకిందులు కూడా ఉంది. ‘కె.ఎస్. రావు’ అనే పేరుతో ఇదే ఊళ్లో కెమిస్ట్రీ వాళ్లున్నారు, ఫార్మసీ వాళ్లున్నారు, సముద్రపు మట్టి మీద పనిచేసినవాళ్లున్నారు. ఊరు ఒకటే, ఇనిషియల్స్ ఒకటే కాబట్టి మెషిన్ వాళ్ల పేపర్లు తెచ్చి ఈయన ఖాతాలో వేసింది. గూగుల్ స్కాలర్ (పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ సైటు) ప్రొఫైల్‌లో ఇలాంటివి తొమ్మిది దొరికాయి. అందులో ఒకదానికి ఈయన సొంత పేపర్లన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లున్నాయి. ‘నేను చేర్చలేదమ్మా, అదే చేరిపోయింది’ అన్నారు సార్. నిజమే. ప్రొఫైల్ సెట్టింగుల్లో కొత్త పేపర్లని ‘ఆటోమేటిగ్గా చేర్చు’ అని ఉంటే అలాగే చేరతాయి. ‘ముందు ఈమెయిల్‌లో అడుగు’ అని మార్చేశాం.

ఊరి పేరుతో కూడా తిప్పలే. యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకి వచ్చింది. అందుకని పాత పేపర్లలో చిరునామా ‘ఆంధ్రా యూనివర్సిటీ, వాల్తేరు’ అని ఉంటుంది, తర్వాతవాటిలో విశాఖపట్నం. ఇంగ్లీషులో ఆ విశాఖపట్నాన్నే ‘హెచ్’ ఒకచోట పెట్టి, రెండుచోట్ల పెట్టి, అసలు పెట్టకుండా మూడు నాలుగు రకాలుగా రాశారు. సంస్థ పేరు పెట్టి వెతికేవాళ్లు ఒక్క స్పెల్లింగుతో ఆపేస్తే సగం పోతాయి.

మందు ఒకటే: ఆర్కిడ్ నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. 2012 అక్టోబరు నుంచి ఇస్తున్నారు, ఉచితం. నాలుగేసి అంకెల చొప్పున 16 స్థానాలు. చివరిది చెక్ డిజిట్ (మిగతా అంకెలు సరిగ్గా కొట్టామా అని పట్టిచ్చేది), అక్కడ అంకెకి బదులు ఎక్స్ అక్షరం రావచ్చు. అది తప్పు కాదు, దాన్ని తీసేసి సున్నా కొట్టకండి. సార్ ఆర్కిడ్‌లో 31 పేపర్లూ చేర్చాక స్కోపస్ వాళ్ల ఆథర్ ఫీడ్‌బ్యాక్ విజార్డ్‌లోకి వెళ్లి మూడు ఐడీలూ కలపమని, వేరేవాళ్ల పేపర్లు తీసెయ్యమని కోరాం. సరిచేసిన ప్రొఫైల్ వెంటనే కనబడదు, కొన్ని రోజులు ఆగాలి. కాబట్టి ఈ పని మొదటి రోజుల్లోనే చేసెయ్యాలి, చివర్లో కాదు. మేం మూడో రోజున చేశాం. అదే ఆలస్యమైంది.

ఎకనామిక్స్ వాళ్లకి మిగతా సబ్జెక్టులవాళ్లకి లేని సౌకర్యం ఒకటుంది: రీపెక్, ఎకనామిక్స్ పేపర్ల వివరాల భండారం. 1997లో మొదలైంది, ఎక్కువగా వాలంటీర్ల మీదే నడుస్తోంది. దాని ముఖంగా కనబడే ఐడియాస్ సైటుని అమెరికాలో సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నడుపుతుంది. సైటేషన్లు లెక్కపెట్టేది సైటెక్ అనే విభాగం. రీపెక్‌లో నమోదైన ఆథర్లకే ర్యాంకు. సార్‌కి రిజిస్ట్రేషన్ లేదు, మేమే దగ్గర కూర్చుని చేయించాం. ఈమెయిల్ ఇచ్చాక పేరు అడుగుతుంది, తర్వాత ‘పేరు వేరే రూపాలు’ అని ఒక పెట్టె వస్తుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అక్కడే పేపర్లు తప్పిపోతాయి, ఎందుకంటే ఆ పెట్టెలో ఉన్న రూపాలతో పోల్చే అది పేపర్లు చూపిస్తుంది. కె. శ్రీనివాసరావు, కె.ఎస్. రావు, రావు కామా కె.ఎస్., శ్రీనివాసరావు కామా కె., శ్రీనివాస కొల్లి: చుక్కలతో, చుక్కలు లేకుండా మొత్తం పదకొండు రూపాలు కొట్టాం. మొదటిసారి 4 పేపర్లు చూపించింది, ఆ తర్వాత 17.

మిగతా 14 ఏమయ్యాయి? రీపెక్‌లో పేపరు పెట్టేది రచయిత కాదు, పబ్లిషరో సంస్థో. వాళ్లు వివరాలు ఇవ్వకపోతే రచయిత తలకిందులుగా తపస్సు చేసినా అక్కడ జర్నల్ పేపరు చేర్చలేరు. చేయగలిగింది ఒకటి: హక్కులు మన దగ్గరున్న రూపాన్ని మ్యూనిక్ పర్సనల్ రీపెక్ ఆర్కైవ్‌లో వర్కింగ్ పేపరుగా పెట్టడం. వ్యవసాయ అర్థశాస్త్రం మీద రాసినవాళ్లకి ఇంకో దారి దొరకొచ్చు. మిన్నెసోటా యూనివర్సిటీ నడిపే ఆగ్‌ఎకాన్ సెర్చ్‌లో ఇండియన్ జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ ఎకనామిక్స్ పాత సంచికలున్నాయి, అక్కడున్నవి రీపెక్‌లోకి వస్తాయి. సార్ పేపర్లు రెండు అలా దొరికాయి.

వర్కింగ్ పేపరు, జర్నల్ పేపరు శీర్షిక ఒకటే అయితే ఐడియాస్ వాటిని తనే కలుపుతుంది. జర్నల్ ఎడిటర్ శీర్షిక మార్పించి ఉంటే కలపదు, మనం ఫారం నింపి చెప్పాలి. రీపెక్ ర్యాంకుల్లో సొంత సైటేషన్లు లెక్కలోకి రావు, అందుకే గూగుల్ పక్కన పెడితే అంకె చిన్నగా కనబడుతుంది. ఇంకో కారణం, సైటెక్‌కి దొరికిన పీడీఎఫ్‌ల రిఫరెన్సులే అది చదవగలదు. మొత్తం ర్యాంకు ఒక్క కొలతతో కాదు, పేపర్ల సంఖ్య, సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, డౌన్‌లోడ్లు ఇలా చాలా కొలతల్లో ర్యాంకులు తీసి వాటికి హార్మోనిక్ సగటు (చిన్న అంకెలకి ఎక్కువ బరువిచ్చే సగటు) కడతారు. హార్మోనిక్ కాబట్టి ఒకటి రెండు కొలతల్లో బాగా ముందున్నవాళ్లకి అది కలిసొస్తుంది. ప్రతి నెలా మొదట్లో కొత్త లెక్క, ఆథర్‌కి ఈమెయిల్ కూడా వస్తుంది.

గూగుల్ స్కాలర్ దానికి పూర్తిగా ఎదురు: దొరికిందల్లా పోగేస్తుంది. థీసిస్, కాన్ఫరెన్స్ పేపరు, ఎవరో కాలేజీ సైటులో పెట్టిన పీడీఎఫ్, అన్నీ. దాంతో పనిచేయడానికి పబ్లిష్ ఆర్ పెరిష్ సాఫ్ట్‌వేర్ వాడాం, ఉచితమే. పేరుతో వెతికితే వచ్చిన జాబితాలో కానివాటికి టిక్కు తీసేస్తూ పోతే పక్కనే అంకెలు మారుతుంటాయి. ఒక వెతుకుకి గరిష్ఠంగా వెయ్యి ఫలితాలు. ‘కె.ఎస్. రావు’ లాంటి పేరుకి ఆ వెయ్యీ కెమిస్ట్రీతోనే నిండిపోతాయి. అందుకని పేరుతోపాటు శీర్షికలోని మాటలు కూడా ఇవ్వాలి: వ్యవసాయ కూలీ, మత్స్యకారులు, కౌలు, ఇలా. వెంటవెంటనే కొడితే గూగుల్ ‘నువ్వు మనిషివేనా’ అని బొమ్మలు చూపించి ఆపేస్తుంది. నిదానంగా కొట్టాలి.

ఇప్పుడు లెక్క. గూగుల్ నుంచి వచ్చిన సైటేషన్లు (మచ్చుకి పదకొండు పేపర్లవే) పెద్దది ముందు పెట్టి దించితే: 41, 22, 15, 9, 7, 6, 4, 3, 1, 0, 0. మొత్తం 108. హెచ్-ఇండెక్స్ అంటే 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించింది: కనీసం ‘ఎన్ని’ పేపర్లకి ‘అన్నేసి’ సైటేషన్లున్నాయో ఆ అంకె. ఆరో పేపరుకి 6 ఉన్నాయి, ఏడోదానికి 4 మాత్రమే. కాబట్టి హెచ్ 6. ఐ10 అన్నది గూగుల్ కొలత, పదీ అంతకన్నా ఎక్కువ ఉన్న పేపర్లు: 3. ఎగ్గీ 2006లో ఇచ్చిన జీ-ఇండెక్స్‌కి పైనుంచి కూడుతూ రావాలి: ఆ మొత్తం, పేపర్ల సంఖ్య వర్గం కన్నా తగ్గకూడదు. పది పేపర్ల మొత్తం 108, పది పదులు 100, సరిపోయింది. పదకొండు పదకొండ్లు 121, సరిపోలేదు. జీ 10.

ఈ వరసలో ఐదోదైన 7, ఏడోదైన 4 నిజానికి ఒకే పేపరు. శీర్షిక మారింది, అంతే. 7 జర్నల్ రూపానికి, 4 వర్కింగ్ పేపరుకి. కలిపితే 11 కాదు, 10. రెండు రూపాలనీ ఒకేచోట ఉదహరించినవాళ్లు ఒకరున్నారు. కలిపాక వరస 41, 22, 15, 10, 9, 6, 3, 1, 0, 0. పేపర్లు ఒకటి తగ్గాయి, మొత్తం 107కి దిగింది, ఐ10 మూడు నుంచి నాలుగుకి పెరిగింది, హెచ్, జీ రెండూ కదల్లేదు. స్కాలర్ ప్రొఫైల్‌లో కూడా ఇలా రెండు టిక్కు పెట్టి కలపొచ్చు. కలిపిన అంకె పక్కన నక్షత్రం గుర్తు కనబడితే, కలిసినవి నిజంగా ఒకటేనా అని తెరిచి చూడాలి.

107 సైటేషన్లూ తెరిచి చూడాలా? ఓపికుంటే చూడొచ్చు. హెచ్ కోసమైతే అక్కర్లేదు. 41 ఉన్న పేపర్లో ఐదు పోయినా హెచ్ మారదు. మారేది గట్టు మీదున్న పేపరుతోనే: ఆరోది, 6 సైటేషన్లది. దాని ఆరూ తెరిచాం. అందులో ఒకటి సార్ తర్వాత రాసిన సొంత పేపరే. తీసేస్తే 5, హెచ్ కూడా 5కి పడిపోయింది. ‘ఏటమ్మా, గూగుల్లో ఆరు చూపిస్తుంటే నువ్వు ఐదంటావు?’ అన్నారు సార్. రెండూ ఒప్పే. ‘సొంత సైటేషన్లతో 6, లేకుండా 5’ అని రాశాం. స్కోపస్‌లో సొంతవి తీసి చూపించే సదుపాయం ఉంది, గూగుల్లో లేదు. సొంత పేపరుని ఉదహరించడం తప్పేమీ కాదు, పాత పని మీద కొత్త పని కట్టేవాళ్లు ఉదహరించాల్సిందే. రెండంకెలూ కనబడేలా పెడితే చాలు.

యూజీసీ స్కోరు వేరే లోకం. 2018 నిబంధనల పట్టిక ప్రకారం సోషల్ సైన్సెస్‌లో పేపరుకి 10. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లకి సగటున వచ్చే సైటేషన్ల అంకె) లేని రెఫరీడ్ (నిపుణులు పరిశీలించాకే అచ్చేసే) జర్నల్ అయితే ఇంకో 5, ఒకటి లోపుంటే 10, ఒకటి నుంచి రెండు మధ్య 15, రెండు నుంచి ఐదు మధ్య 20 కలుస్తాయి. ఇద్దరు రచయితలైతే ఒక్కొక్కరికీ 70 శాతం. అంటే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.4 ఉన్న జర్నల్లో ఇద్దరు కలిసి రాస్తే 10, 15 కలిపి 25, అందులో 17.5. (ఇద్దరివీ కలిపితే 35! రీపెక్‌లో రచయితల సంఖ్యతో భాగించే కొలతలో చెరి సగమే.) ముగ్గురు, ఆపైన అయితే మొదటి, ప్రధాన లేదా కరస్పాండింగ్ ఆథర్‌కి 70, మిగతావాళ్లకి తలా 30 శాతం.

ఇక్కడ ఎకనామిక్స్ వాళ్లకి అన్యాయం జరుగుతుంది. ఆ సబ్జెక్టులో పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరక్రమంలో వేస్తారు, ఎవరెక్కువ పనిచేశారన్నదానితో సంబంధం లేదు. రావు, రెడ్డి, రాజు, శర్మ, వర్మ: మనవాళ్ల పేర్ల చివర్లన్నీ ఆ క్రమంలో తోక దగ్గరే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని జర్నల్లో ముగ్గురి పేపరుకి 15లో 70 శాతం 10.5, 30 శాతం 4.5. ఒక్క అక్షరం వల్ల ఆరు మార్కులు. కరస్పాండింగ్ ఆథర్ సారే అని పేపరు మొదటి పేజీ ఫుట్‌నోట్‌లో ఉన్న నాలుగు పేపర్లకి ఆ పేజీ ప్రింటు తీసి జతచేశాం. అంటే 24 మార్కులు తిరిగొచ్చాయి. ఆ నిబంధనల్లో ప్రొఫెసర్‌గా నేరుగా నియామకానికి కావాల్సిన కనీస స్కోరు 120, పేపర్లు 10. అందులో 24 చిన్నది కాదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కడిది అన్నది కూడా చూడాలి. జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లోదే అసలుది, ఏటా జూన్‌లో వస్తుంది. ఒక జర్నల్ 2021, 2022లో కలిపి 120 పేపర్లు వేసిందనుకోండి, వాటికి 2023లో 168 సైటేషన్లు వస్తే 2023 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.4. జర్నల్ సైటులో ‘గ్లోబల్’ అనో ‘ఇంటర్నేషనల్’ అనో తోక తగిలించిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు ఇందులోకి రావు. ఎకనామిక్స్‌కి ఈ రెండేళ్ల కిటికీ మరీ ఇరుకు: ఉదహరించే పేపరు అచ్చయ్యేసరికే కిటికీ మూసుకుపోతుంది. అదే రిపోర్టులో ఐదేళ్ల అంకె కూడా ఉంటుంది. పట్టికకి రెండేళ్లది రాసి, పక్కన ఐదేళ్లది కూడా రాశాం.

జర్నల్ అసలుదేనా అన్నది చివరి తనిఖీ. యూజీసీ-కేర్ జాబితా (యూజీసీ ఒప్పుకున్న జర్నళ్లది) 2019లో మొదలై, 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆ మధ్యకాలపు పేపరైతే, అచ్చయిన రోజుకి జర్నల్ ఆ జాబితాలో ఉందా అన్నదే ప్రశ్న, ఇవాళ ఉందా అని కాదు. ఆనాటి స్క్రీన్‌షాట్ దాచుకున్నవాళ్లు అదృష్టవంతులు. మంచి జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ కొట్టేసి నడిపే నకిలీ సైట్లు కూడా ఉన్నాయి. పేపరులో సంపుటి సంఖ్య అసలు జర్నల్ సంపుటితో సరిపోతుందా చూస్తే చాలావరకు బయటపడతాయి. స్కోపస్‌లో అయితే సోర్స్ పేజీలో ‘ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా’ అని ఉంటుంది. ఒక జర్నల్‌ని తీసేశాక కూడా పాత పేపర్లు అందులో కనబడుతూనే ఉంటాయి, దాన్ని చూసి ఇప్పటికీ ఉందనుకోకూడదు. డీఓఐలన్నీ ఒకసారి రిట్రాక్షన్ వాచ్ (వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా) డేటాతో పోల్చాం. 2023 నుంచి డీఓఐలు నమోదుచేసే క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని అందరికీ ఇస్తోంది. సార్‌వి ఏమీ లేవు.

చివరికి పేజీలో ఒక్కో అంకె పక్కనా మూడు విషయాలు వేశాం: ఏ డేటాబేసు, ఏ తేదీ, సొంత సైటేషన్లు కలిపా, తీసా. గూగుల్ స్కాలర్ హెచ్ 6, సొంతవి తీస్తే 5. స్కోపస్ 4. రీపెక్‌ది అప్పటికింకా రాలేదు, కొత్త రిజిస్ట్రేషన్ నెల మొదట్లో వచ్చే లెక్కలో పడాలి. ఆ గడిలో ‘రావాల్సి ఉంది’ అని రాసి పెన్సిల్‌తో తేదీ వేసి, పేజీ సార్ సంతకానికి పంపించాం.